పిల్లలకి ఇంటి పని ఎలా అప్పజెప్పాలి: ముందు ఒక చిన్న చెంబు కొనండి

మా అప్ప కొడుకు పోయినేడు ఇంటర్‌కి వైజాగ్‌లో హాస్టల్‌లో చేరాడు. చేరిన పదో రోజు రాత్రి నాకు ఫోన్ చేసి గొంతు తగ్గించి "పిన్నీ, బట్టలు ఎంతసేపు నానబెట్టాలి, సబ్బు ముందా నీళ్ళు ముందా" అని అడిగాడు. మీ అమ్మనే అడగొచ్చు కదరా అంటే "అమ్మ ఏడుస్తాది పిన్నీ" అన్నాడు. టెన్త్‌లో మంచి మార్కులు తెచ్చుకున్న కుర్రాడు, కొత్త ఎర్ర తువ్వాలు కలిపి నానబెట్టేసి ఉన్న తెల్ల చొక్కాలు రెండూ గులాబీ రంగు చేసుకున్నాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. తప్పు వాడిది కాదు, పదిహేనేళ్ళు వాడి ముందునుంచి తిన్న కంచం తీసేసింది మనమే, నువ్వు చదువుకో నాన్నా నేను చేసుకుంటాలే అని.

నేనుండేది విజయనగరం, పుట్టింది నరసన్నపేట దగ్గర పల్లె. మా చిన్నప్పుడు ఎవరూ కూర్చోబెట్టి పని నేర్పలేదు, పెరట్లో నుయ్యి, గొడ్లు, కళ్ళం, పొద్దున్న లేస్తే ఏదో ఒకటి చేతికి తగిలేది. ఇప్పుడు రెండు గదుల పోర్షన్‌లో మిక్సీ, వాషింగ్ మెషీన్, ఇంటికొచ్చే పాలపేకెట్టు, వీటి మధ్య పిల్లలకి పనంటే కనపడదు, కాబట్టి మనమే ఏరి చేతికివ్వాలి. అదెలాగో మా ఇద్దరితో నాకు తెలిసినంత వరకూ వరసగా రాస్తున్నా. పెద్దది అమ్మాయి, పదకొండేళ్ళు. చిన్నోడికి ఆరు.

మొదటి అడుగు: పని చెప్పకముందు ఇంటిని పిల్లల ఎత్తులోంచి చూడండి

ఒక ఆదివారం పొద్దున్న నేలమీద కూర్చుని మీ వంటిల్లు చూడండి. గ్లాసులు ఎక్కడున్నాయి, చెత్తబుట్ట మూత ఎంత గట్టిగా ఉంది, తువ్వాలు తగిలించే మేకు ఎంత ఎత్తులో ఉంది. పిల్లకి అందని చోట వస్తువు పెట్టి, పని చెయ్యట్లేదని తిట్టడం అన్యాయం. మేము చేసినవి చిన్న మార్పులే: గ్లాసులు కింది అరలోకి దించాం, బట్టల తీగకి కింద ఇంకో తాడు కట్టాం, విడిచిన బట్టలకి మూత లేని బుట్ట పెట్టాం. చీపురు కూడా అంతే, సీతంపేట, పార్వతీపురం వైపునుంచి కొండచీపుర్లు వస్తాయి కదా, అందులో సన్నది ఒకటి తీసుకుని పిడి దగ్గర గుడ్డ చుట్టి చిన్నోడికిచ్చాం, పెద్ద చీపురైతే వాడి చేతిలో తిరగదు. అన్నిటికంటే ముఖ్యం అరలీటరు పట్టే స్టీలు చెంబు. ఎందుకో చెప్తాను.

రెండో అడుగు: సాయం అడగకండి, ఒక పని మొత్తం ఇచ్చీండి

"అమ్మకి కాస్త హెల్ప్ చెయ్యమ్మా" అంటే పిల్లలకి ఏమీ అర్థం కాదు, ఎప్పుడు మొదలో ఎప్పుడు ఆఖరో తెలీదు. పైగా పని అమ్మది, నేను ఊరికే సాయం అనే మాట బుర్రలో ఉండిపోతుంది, పెద్దయ్యాక పెళ్ళాం దగ్గర కూడా అదే మాట వస్తుంది. అలాక్కాకుండా "రాత్రి అన్నాల ముందు అందరికీ మంచినీళ్ళు పెట్టే పని నీది" అనండి. దానికి మొదలుంది, చివరుంది, చెయ్యకపోతే ఎవరికో పొలమారినప్పుడు నీళ్ళుండవు. చిన్నదైనా సరే రోజూ ఉండాలి, దానివల్ల ఇంట్లో ఇంకొకరికి అవసరం తీరాలి. నేను పని ఎంచేటప్పుడు చూసుకునేవి ఈ రెండే.

మొదట్లో ఒక్క పనే. చార్టు గీసి రంగు పెన్నులతో ఏడు పనులు రాసి ఫ్రిజ్‌కి అంటించడం నేనూ చేశాను, నాలుగో రోజుకి చార్టు మిగిలింది, పని లేదు.

మూడో అడుగు: వయసుకి తగ్గది ఎంచండి

రెండు మూడేళ్ళ పిల్లలకి తీసిన చోట పెట్టడమే పని. చెప్పులు జతలుగా గుమ్మం పక్కన పెట్టడం, అరటితొక్క బుట్టలో వెయ్యడం, విడిచిన గౌను బుట్టలో పడెయ్యడం. ఈ వయసులో వాళ్ళకే ఉబలాటం ఎక్కువ, మనం తుడుస్తుంటే గుడ్డ లాక్కుంటారు, అప్పుడు "పోవే అడ్డు రాకు" అన్నామో అంతే, ఏడేళ్ళకి మనం బతిమాలినా రారు. ఇంకో గుడ్డ ఇచ్చీండి, తడిపి గట్టిగా పిండి.

నాలుగైదేళ్ళంటే నాకు భలే ఇష్టం. వేళ్ళకి పని కావాలి వాళ్ళకి. కరివేపాకు రెమ్మ దూయడం, తోటకూర గిల్లడం, నానబెట్టిన వెల్లుల్లి వొలవడం, ఉడికిన బంగాళాదుంపకి తొక్క తియ్యడం, మేజోళ్ళు జత కలపడం. నీళ్ళు పెట్టడం కూడా ఈ వయసు పనే, నేను చేసిన తప్పు కూడా ఇక్కడే.

మా పెద్దదానికి ఐదేళ్ళప్పుడు రాత్రి గ్లాసుల్లో నీళ్ళు పొయ్యమన్నాను. ఇచ్చింది మా ఇత్తడి చెంబు, నిండా నీళ్ళతో. రెండు చేతులతో ఎత్తింది, చెంబు అంచు గ్లాసుకి తగిలి చప్పుడైంది, నాలుక బయటపెట్టి అంత శ్రద్ధగా వొంచుతోంది పాపం, మూడో గ్లాసు దగ్గర చెయ్యి వణికి నీళ్ళు చాప మీదకి, అక్కణ్ణుంచి మా మావగారి కంచంలోకి పోయాయి. నేను చటుక్కున చెంబు లాక్కుని "చాల్లే, నేను పోస్తాలే" అన్నాను. తిట్టను కూడా తిట్టలేదు. మర్నాడు గ్లాసులు తెమ్మంటే "నువ్వే పోసీ అమ్మా, నాకు రాదు కదా" అంది. రాదు అనే మాట దానికి నేర్పింది నేనే, మళ్ళీ చెంబు పట్టడానికి ఏడాది పట్టింది. అందుకే చెప్తున్నా, ముందు చిన్న చెంబు కొనండి, సగమే నింపండి, పక్కనే తుడిచే గుడ్డ పెట్టండి. వొలికితే "గుడ్డ అదిగో" అనండి, అంతే. వొలికింది తుడవడం కూడా ఆ పనిలో భాగమే.

ఇది కొత్త సంగతేమీ కాదు. పిల్లల చదువు గురించి జీవితమంతా పనిచేసిన మరియా మాంటిస్సోరి గారు 1939లో మద్రాసు అడయారు వచ్చి, యుద్ధం వల్ల 1946 దాకా మన దేశంలోనే ఉండి టీచర్లకి ట్రైనింగ్ ఇచ్చారు. ఆవిడ పద్ధతి బళ్ళలో చిన్నపిల్లలకి బొమ్మ సామాను కాదు, నిజం జగ్గు, నిజం గాజు గ్లాసు, కాకపోతే వాళ్ళ చేతికి సరిపోయే సైజు ఇస్తారు.

ఆరు నుంచి ఎనిమిది దాకా ఊడవడం, తులసికి నీళ్ళు, కింది తాడు మీద బట్టలు ఆరెయ్యడం, మడతలు (మొదట తువ్వాళ్ళు, తర్వాత చొక్కాలు), బడినుంచి రాగానే లంచ్ బాక్సు తీసి నీళ్ళుపోసి సింకులో పెట్టడం. తడి చెత్త, పొడి చెత్త వేరుచెయ్యడం వీళ్ళకి అప్పజెప్తే పెద్దవాళ్ళకంటే కచ్చితంగా చేస్తారు, మా ఆయన పాలకవరు తప్పు బుట్టలో వేస్తే చిన్నోడు ఊరుకోడు. ఇంకోటి, శుక్రవారం డ్రై డే. డెంగీ దోమ గుడ్డునుంచి పెద్ద దోమ అవ్వడానికి సుమారు వారం పది రోజులు పడుతుంది, కాబట్టి వారానికోసారి పూలకుండీల కింద పళ్ళేలు, కూలర్ ట్రే, పెరట్లో పాత టైరు, కొబ్బరి చిప్పలు అన్నీ వొంపీస్తే దోమ పుట్టదు. మావాడు శుక్రవారం బడినుంచి రాగానే చెప్పులు వేసుకుని డిటెక్టివ్‌లా పెరడంతా తిరుగుతాడు.

తొమ్మిది నుంచి పదకొండు మధ్య పిల్లల్ని చాలామంది ఇళ్ళల్లో ట్యూషన్ పేరుతో వదిలేస్తారు, నిజానికి అసలు నేర్చుకునే వయసు ఇదే. సొంత యూనిఫాం, సొంత పక్కబట్ట వాళ్ళవే. కొట్టుకి పంపండి, వందిచ్చి మూడు సరుకులు చెప్పి, తిరిగొచ్చాక చిల్లర లెక్క వాళ్ళనే చెప్పమనండి. బియ్యం కడిగి ఎసరు పెట్టడం కూడా నేర్పొచ్చు, స్టవ్ వెలిగించడం మాత్రం మీరే. మా పెద్దది మొదట పెట్టిన అన్నం పలుకు పలుకుగా వచ్చింది. నేను నేర్పింది మా అమ్మ నాకు నేర్పిన లెక్క, బియ్యం మీద వేలు ఆనిస్తే మొదటి గీత దాకా నీళ్ళు రావాలని. రెండ్రోజులు అలాగే వచ్చాక దాని చెయ్యి పట్టుకుని నా వేలు పక్కన దాని వేలు పెట్టి చూశాను, దాని మొదటి గీత నా మొదటి గీత దాకా రాలేదు. పిల్ల చెప్పినట్టే చేసింది, కొలత నాది. అప్పట్నించి గ్లాసు లెక్క: గ్లాసు బియ్యానికి రెండు గ్లాసుల నీళ్ళు. మీరు కూడా పిల్లలకి చెప్పే కొలతలన్నీ ఒకసారి చూసుకోండి, "కాస్త ఉప్పు", "చాలినంత సర్ఫు" అంటే వాళ్ళకి తెలీదు, చెంచాలో చెప్పండి.

పన్నెండు దాటాక మీరు పక్కన నిలబడి గ్యాస్ దగ్గరకి రానివ్వచ్చు: టీ, ఆమ్లెట్టు, చోడి (రాగి) అంబలి, తర్వాత పప్పు. కూరగాయలు తరగడం, ఇస్త్రీ, రైతుబజారులో బేరం. పదిహేనొచ్చేసరికి ఇంట్లో నలుగురికి ఒక పూట వండగలగాలి, కరెంటు బిల్లు కట్టడం, గ్యాస్ బుక్ చెయ్యడం తెలియాలి. మా అప్ప కొడుకు సంగతి గుర్తుందిగా, హాస్టల్‌కి పంపే ముందు వేసవిలో నెలరోజులు వాళ్ళ బట్టలు వాళ్ళనే ఉతుక్కోనీండి, రంగు బట్ట విడిగా నానబెట్టాలని అక్కడే తెలుస్తుంది.

నాలుగో అడుగు: నేర్పేటప్పుడు నోరు తగ్గించండి

బడికి టైమైపోతున్న పొద్దున్న కొత్త పని నేర్పకండి, ఆదివారం నేర్పండి. నేను పాటించేది ఇది: మొదటిసారి నేను చేస్తా, నువ్వు చూడు. రెండోసారి ఇద్దరం కలిసి. మూడోసారి నువ్వు చెయ్యి, నేను చూస్తా. నాలుగోసారి నువ్వు చెయ్యి, నేను పక్కగదిలో ఉంటా. మూడోదే కష్టం మనకి, చెయ్యి ఆగదు, "అలాక్కాదు ఇలా" అని దూరిపోతాం. అందుకని నేను చేతులు రెండూ వెనక్కి కట్టుకుని నిలబడతాను, నిజంగానే. ప్రమాదం ఉంటే తప్ప చేతులు ముందుకి రాకూడదు.

అయ్యాక వాళ్ళ ముందు మళ్ళీ ఆ పని చెయ్యకండి. పిల్లాడు ఊడ్చిన గది మీరు మళ్ళీ ఊడిస్తే నీ పని లెక్కలోకి రాదురా అని చెప్పినట్టే. మూల దుమ్ముంటే ఉండనీండి, రేపు మొదలుపెట్టే ముందు "ఈరోజు ఆ మూల కూడా చూసీ" అనండి. మెచ్చుకునేటప్పుడు కూడా సూపర్, గుడ్ బాయ్ కాకుండా కనపడింది చెప్పండి: "తువ్వాళ్ళు అంచులు కలిపి మడిచావు, బీరువాలో చక్కగా పట్టాయి."

అయిదో అడుగు: ఇంట్లో పెద్దవాళ్ళని కలుపుకోండి

మా అత్తగారు మొదట ఒప్పుకోలేదు. చిన్నోడు చీపురు పట్టుకోగానే "ఏటమ్మా ఇది, మగ గుంటడి చేత చీపురు పట్టిస్తావేటి, ఆ పిల్లకి చెప్పొచ్చు కదా" అన్నారు. ఆవిడ మీద నాకు కోపం లేదు, ఆవిడ పెరిగింది అలాగ. కానీ ఈ ఒక్క విషయంలో తగ్గకండి అని చేతులెత్తి అడుగుతున్నా. 2019లో కేంద్రం చేసిన టైమ్ యూజ్ సర్వేలో ఆరేళ్ళు నిండిన వాళ్ళందరినీ లెక్కలోకి తీసుకున్నారు, ఇంటి పని చేసే ఆడవాళ్ళకి రోజుకి సగటున 299 నిమిషాలు పడుతుంటే, చేసే మగవాళ్ళది 97 నిమిషాలు. సుమారు అయిదు గంటలెక్కడ, గంటన్నర ఎక్కడ. ఆ తేడా ఆరేళ్ళ దగ్గర, చీపురు దగ్గరే మొదలవుతుంది. మా ఇంట్లో గిన్నెలు, చీపురు, బట్టలు ఏడాదికోసారి మారతాయి, ఆడపిల్ల పని మగపిల్లాడి పని అని లేదు.

అత్తగారితో వాదన పెట్టుకోలేదు, ఆవిణ్ణే గురువుని చేశాను. "అత్తయ్యా, కందిపప్పు ఏరడం నాకంటే మీకే బాగా వచ్చు, వీళ్ళకి మీరే నేర్పండి" అన్నాను. సాయంత్రం అరుగు మీద చేట పెట్టుకుని చిన్నోణ్ణి పక్కన కూర్చోబెట్టుకున్నారు. గుప్పెడు పప్పు చేటకి ఒక పక్క పోసి, వేలితో కొంచెం కొంచెం ఇవతలికి జరుపుతూ రాయి ఎలా కనపడుతుందో చూపించారు, "పప్పు మెరుస్తాది, రాయి మెరవదు, సూడు" అని. వాడు పదకొండు రాళ్ళు దొరికాయని లెక్కపెట్టి అగ్గిపెట్టెలో దాచుకున్నాడు. ఇప్పుడు చీపురు గురించి ఆవిడేమీ అనరు, వాడు ఊడుస్తుంటే కాళ్ళు పైకెత్తి కూర్చుంటారు.

ఇవి మాత్రం ఇవ్వకండి

యాసిడ్, బ్లీచింగ్ పొడి పిల్లల చేతికి వద్దు, ఆ రెండూ కలిస్తే క్లోరిన్ గ్యాస్ వస్తుంది, ఊపిరాడదు. ఫినాయిల్‌ని కూల్‌డ్రింక్ సీసాలో పొయ్యకండి. బోరు మోటారు స్విచ్చి తడి చేత్తో వెయ్యనివ్వకండి. నిండు సిలిండర్ బరువు సుమారు 30 కిలోలు, ఎత్తమని టెన్త్ పిల్లాడికి కూడా చెప్పకండి. ఎనిమిదేళ్ళ పిల్లకి చంటిపిల్లని అప్పజెప్పి బయటికెళ్ళకండి. పలాస వైపు వాళ్ళకి ప్రత్యేకంగా చెప్తున్నా, పచ్చి జీడిపిక్కలు కొట్టే దగ్గర పిల్లల్ని కూర్చోబెట్టొద్దు, తొక్కలో జీడి నూనె చర్మాన్ని కాల్చేస్తుంది, వేళ్ళు పొక్కిపోతాయి. చట్టం కూడా ఉంది: 1986 నాటి బాలకార్మిక చట్టాన్ని 2016లో మార్చారు, 14 ఏళ్ళ లోపు పిల్లల్ని పనిలో పెట్టుకోకూడదు, బడి అయ్యాకో సెలవల్లోనో సొంత ఇంటివాళ్ళకి ప్రమాదం లేని సాయం చెయ్యడం వరకే. బడి మానిపించి చేయించేది ఏదైనా ఈ గైడ్‌లోది కాదు.

వంటింట్లో చెయ్యి కాలితే వెంటనే కుళాయి కింద 20 నిమిషాలు పెట్టండి. పేస్టు, సిరా, ఐస్ ఏవీ వద్దు. పొక్కు పెద్దదైతే, మొహం మీదో కీళ్ళ దగ్గరో కాలితే ఆసుపత్రికి తీసుకెళ్ళండి. ఇది పిల్లలకి కూడా నేర్పండి, గ్యాస్ దగ్గరకి రానిచ్చే ముందే.

చెయ్యనంటే?

చెయ్యనంటారు, రెండో వారంలో కచ్చితంగా అంటారు. అరిచి లాభం లేదు. పనిని రోజూ జరిగే దానికి ముడిపెట్టండి: నీళ్ళ పని అన్నానికి ముందు, మొక్కల పని టీవీకి ముందు. నేను అడిగేది ఒకే మాట, ఒకే ఒక్కసారి, "నీ పని అయ్యిందా?" అని. తర్వాత జరిగేది జరగనిస్తాను. మా పెద్దది ఒక ఆదివారం యూనిఫాం ఉతకలేదు, సోమవారం నలిగిన మాసిన గౌనే వేసుకెళ్ళింది, నాకు కడుపులో ఎలాగో అయ్యింది కానీ ఊరుకున్నాను, ఆ తర్వాత మళ్ళీ మర్చిపోలేదు.

డబ్బులివ్వాలా అని అడుగుతారు. తన కంచం, తన బట్ట, ఇంట్లో రోజూ పని, వీటికి ఇవ్వకండి, ఇది వాళ్ళ ఇల్లు. అటక సర్దడం, ఫ్యాన్లు తుడవడంలో చెయ్యందించడం లాంటి పెద్ద పనికి ఇస్తే ఇవ్వండి, నేను ఇస్తాను. పరీక్షలప్పుడు పని తగ్గించండి గానీ పూర్తిగా తీసెయ్యకండి. చదువుంటే పని మాఫీ అని ఒక్కసారి తెలిస్తే ఏడాదంతా పరీక్షలే ఉంటాయి, పది నిమిషాల పనికి ర్యాంకులు పోవు.

పండగలూ తుపాన్లూ

మన వైపు ఏడాదిలో పిల్లలకి పెద్ద పని నేర్పే రోజులు కొన్ని ఉన్నాయి, వదులుకోకండి. పైడితల్లి అమ్మవారి సిరిమానుకి ఇంటినిండా చుట్టాలొస్తారు, ఆ రెండ్రోజులూ మంచినీళ్ళు, చాపలు పిల్లలవే. సంక్రాంతికి బూజు దులపడం, మే నెలలో ఆవకాయకి కాయలు తుడవడం, డాబా మీద వడియాలకి కాకుల కాపలా. ఇక తుపాను. 2014లో హుద్‌హుద్‌కి, 2018 అక్టోబర్ 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీకి కరెంటు లేక మనవాళ్ళు ఎన్ని రోజులు చీకట్లో ఉన్నారో మర్చిపోలేం. ఇప్పుడు అక్టోబర్‌లో వాయుగుండం అని వార్త రాగానే మా పిల్లలకి ఎవరి పని వాళ్ళకి తెలుసు: పెద్దది టార్చిలు, ఫోన్లు, పవర్‌బ్యాంకు ఛార్జింగ్ పెట్టి పుస్తకాలు, ఆధార్ కార్డులు కవర్లో కడుతుంది, చిన్నోడు సీసాలన్నీ నీళ్ళు నింపుతాడు. చేతిలో పనుంటే పిల్లలకి భయం కూడా తగ్గుతుంది, గాలి హోరుకి అమ్మ కొంగు పట్టుకుని ఏడవరు.

చివరి అడుగు: ఏడాదికోసారి పని మార్చండి

బళ్ళు తెరిచే జూన్ దీనికి సరైన టైము. కొత్త క్లాసు, కొత్త పని. పాత పని కింది పిల్లలకి అప్పజెప్పాలి, అప్పజెప్పేది మీరు కాదు, అప్పటిదాకా చేసిన పిల్లే నేర్పాలి. ఈ జూన్‌లో మా పెద్దది ఎసరు పనికి మారి నీళ్ళ పని తమ్ముడికి ఇచ్చింది. ఆ రాత్రి చిన్న స్టీలు చెంబు సగం నింపి వాడి చేతికిచ్చి, పక్కన గుడ్డ పెట్టింది. వాడు మొదటి గ్లాసుకే సగం బయట పోశాడు. నేను గుమ్మంలోంచి చూస్తున్నా, లేవబోయి ఆగాను. అది కదల్లేదు, చేతులు రెండూ వెనక్కి కట్టుకుని నిలబడి "గుడ్డ అదిగోరా" అంది.